హెడ్లీ క్రాబ్‌ట్రీ తలుపుకి పెట్టిన కన్నం

మా వీధిలో ప్రతి ఇంటికీ రెండు తలుపులుండేవి. ముందు తలుపు పెళ్ళికూతురికీ, శవపేటికకీ, డాక్టరుకీ. మిగతా లోకమంతా వెనక సందులోంచే వచ్చేది, పోయేది. పాలవాడు, బొగ్గు బస్తాలవాడు, గిన్నె పట్టుకుని పంచదార అప్పుకి వచ్చే నేను, అందరికీ వెనక తలుపే. ఎవరైనా ముందు తలుపు తట్టారంటే గుండె గుభేలుమనేది. ఊరికి కొత్తవాడైనా అయ్యుండాలి, చెడ్డ కబురైనా తెచ్చుండాలి.

కిందటి నెల అటు వెళ్ళాను. అన్ని ఇళ్ళకీ ఒకే రకం తెల్ల ప్లాస్టిక్ తలుపులు బిగించారు. ఏడో నంబరు ఇంటి వెనకవైపు కాసేపు నిలబడ్డాను. అక్కడుండే పిల్ల కిటికీలోంచి నన్ను అనుమానంగా చూసింది. ఈ గుమ్మానికి ఒకప్పుడు ఎలాంటి తలుపుండేదో ఆ పిల్లకి చెప్పాలని నోటిదాకా వచ్చింది కానీ, పిచ్చిదనుకుంటుందని వచ్చేశాను. యార్క్‌షైర్ మిల్లుల్లో పనిచేసిన వడ్రంగుల గురించి ఎవరూ పుస్తకాలు రాయరు. హెడ్లీ క్రాబ్‌ట్రీ గురించి నేనే రాయాలి.

హెడ్లీ మావయ్య నలభై నాలుగేళ్ళు ఉన్ని మిల్లు వడ్రంగి కొట్టంలో పనిచేశాడు. మావయ్య అంటే చుట్టరికమేం లేదు. ఆ సందులో పెద్దవాళ్ళందరూ మాకు మావయ్యలూ అత్తలే. చెక్కని చిత్రిక పట్టే యంత్రం పక్కన అన్నేళ్ళు నిలబడి నిలబడి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం మిగిలింది. ఆయనతో మాట్లాడాలంటే కుడివైపు నిలబడి గొంతు చించుకోవాలి. ఒక్కోసారి వినపడినా వినపడనట్టుంటాడని ఆయన భార్య ఫ్లోరీ అత్త అనేది. అందులో కొంత నిజం ఉంది.

రిటైరయ్యాక ఊళ్ళో చిల్లర పనులు చేసేవాడు. ముఖ్యంగా పిల్లి కన్నాలు. తలుపు అడుగున చిన్న చదరం కోసి, దానికి ఊగే రెక్క బిగిస్తే పిల్లి తన దారిన తాను వస్తుంది, పోతుంది. ఇంటావిడ లేవక్కర్లేదు. అలా పధ్నాలుగు ఇళ్ళకి పెట్టాడు. తన ఇంటికి మాత్రం పెట్టలేదు.

ఫ్లోరీ అత్త పదకొండేళ్ళు అడిగింది. వాళ్ళ పిల్లి టిబ్బి పొగరుమోతు నల్లపిల్లి. రోజుకి ముప్పై సార్లు బయటికి, ముప్పై సార్లు లోపలికి. ప్రతిసారీ అత్తే లేవాలి.

"ఊరందరి తలుపులూ కోస్తావు, నా తలుపుకి నీ రంపం రాదా?" అనేది.

"అవన్నీ చవకబారు చెక్కలే. ఇది ప్రార్థనాలయం చెక్క," అనేవాడు.

అది నిజమే. పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో పాత మెథడిస్టు ప్రార్థనాలయం కూల్చేసినప్పుడు అక్కడి బెంచీలు కొని, ఆ చెక్కతో సొంతంగా చేసుకున్న తలుపది. ఎక్కడా ఒక్క ముడి ఉండదు. వేసి మూడున్నర దశాబ్దాలైనా అంచుల్లోంచి వెంట్రుకవాసి గాలి రాదు. గాలి అంటే ఆయనకి పరమ అసహ్యం. ఎవరింటికి వెళ్ళినా ముందు గడప దగ్గర అరచెయ్యి పెట్టి చూసి, మొహం చిట్లించి, అప్పుడు కూర్చునేవాడు.

"దేవుడి చెక్కకి పిల్లి కోసం కన్నం పెట్టమంటావా?"

"ఆ బెంచీ మీద కూర్చుని నువ్వేం చేసేవాడివో నాకు తెలీదనుకున్నావా? గురక పెట్టేవాడివి. దేవుడికి అంతకంటే పిల్లే నయం."

ఇదే మాట, ఇదే జవాబు, వారానికి రెండుసార్లు. మేమందరం గోడల ఇవతలనుంచి విని నవ్వుకునేవాళ్ళం.

డెబ్భై నాలుగు జనవరిలో ఒక శుక్రవారం పొద్దున ఫ్లోరీ అత్త పడిపోయింది. శుక్రవారం అంటే మెట్టు కడిగే రోజు. వెనక గుమ్మం మెట్టుని నీళ్ళతో కడిగి, అంచుకి తెల్లరాయి రుద్ది గీత దిద్దాలి. కడగకపోతే ఆ ఇంటావిడ పేరు సాయంత్రానికల్లా సందంతా నోళ్ళలో నానేది. ఆ పొద్దున మంచు పేరుకునే చలి. అలాంటి చలిలో నీళ్ళు పోస్తే ఏమవుతుందో ఏ చంటిపిల్లనడిగినా చెబుతుంది. అయినా మేమందరం కడిగేవాళ్ళం. అత్త ఆరున్నరకే కడిగేసింది. పావుగంటకి పిల్లి వచ్చి అరిచింది. తలుపు తీసి దాన్ని పిలవడానికి ఒక్క అడుగు బయట పెట్టింది. తను కడిగిన మెట్టు మీదే జారి, తుంటి ఎముక విరగ్గొట్టుకుంది.

హెడ్లీ మావయ్య కిందికి దిగి చూసి ఫోను కోసం మూలమీది దుకాణానికి పరిగెత్తాడు. నేను వెళ్ళేసరికి అత్త కోటు కప్పుకుని మెట్టు మీదే ఉంది. "ఇప్పుడే పడ్డా లేవే, ఏం కాలేదు," అంది నాతో. పెదాలు నీలంగా ఉన్నాయి. అంబులెన్సు వాళ్ళు వచ్చి, రోడ్డు దగ్గర కదా, ముందు తలుపులోంచి తీసుకెళదామన్నారు.

"ఆ తలుపు జోలికి వెళ్ళారంటే లేచి తంతాను!" అని స్ట్రెచర్ మీదనుంచి అరిచింది. "మా అత్తగారు పోయినప్పుడు తీసిన తలుపది. నేనింకా చావలేదు!"

చేసేదేం లేక వెనకనుంచే, సందంతా తిప్పి తీసుకెళ్ళారు.

ఆ గొడవలో టిబ్బి మాయమైంది. సాయంత్రానికి మా ఇంటి కిటికీ మీద ప్రత్యక్షమైంది. వాళ్ళది ఏడు, మాది పదకొండో నంబరు. మధ్యలో తొమ్మిదో ఇల్లు అప్పట్లో ఖాళీగా ఉండేది. నేను సార్డీన్ చేపల డబ్బా తెరిచాను. అది తిని, మా ఆయన కుర్చీలో ఎక్కి పడుకుంది. రేపు పొద్దున అప్పగిద్దాంలే అనుకున్నాను.

మర్నాడు ఆసుపత్రిలో రోగుల్ని చూడనిచ్చే గంటలో మావయ్యా నేనూ కలిసి వెళ్ళాం. అత్త మొహం చిక్కిపోయింది. తిండి ముట్టడం లేదనీ, మనసు పాడయ్యే కబుర్లేవీ చెప్పొద్దనీ నర్సు గుమ్మంలోనే మావయ్య కుడి చెవిలో అరిచి మరీ చెప్పింది.

అత్త అడిగిన మొదటి మాట, "టిబ్బి ఇంట్లోకి వచ్చిందా?"

"ఆ. పొయ్యి ముందు పడుకుంది," అన్నాడు మావయ్య.

నేను ఆయన మొహంలోకి చూడలేకపోయాను. ఆయన అబద్ధమాడగా నేనెప్పుడూ వినలేదు. పని బాగా కుదరకపోతే అడక్కుండానే చెప్పేసి, మళ్ళీ చేసిపెట్టే రకం. ఆయన టీ తేవడానికి వెళ్ళగానే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"అబద్ధం. అబద్ధం చెప్పేటప్పుడు చెవి గోక్కుంటాడు. ఏదే పిల్లి?"

"మా ఇంట్లో ఉందత్తా. ఇవాళే ఇచ్చేస్తా."

"ఇస్తే చంపేస్తా. అక్కడే ఉంచు."

"ఎన్నాళ్ళు?"

"తలుపుకి కన్నం పడేదాకా."

అప్పుడు నాకు నవ్వొచ్చింది. తుంటి విరిగి మంచాన పడ్డ మనిషి కూడా పంతం వదలకపోతే నవ్వు రాదూ? సరే అన్నాను. ఆ మాట ఇచ్చినందుకు ఐదు వారాలు తిట్టుకున్నాను.

ఎందుకంటే, హెడ్లీ మావయ్య పిల్లిని వెతకడం మొదలుపెట్టాడు. రోజూ సాయంత్రం చేతిలో పొగబెట్టిన చేప ముక్కతో సందులో ఈ చివరినుంచి ఆ చివరికి తిరిగేవాడు. పిల్లిని ఎలా పిలవాలో తెలీదు. ముప్పై సార్లు తలుపు తీసిందీ పిలిచిందీ అత్తే కదా. కుక్కని పిలిచినట్టు ఈల వేసేవాడు. తర్వాత సిగ్గుపడుతూ, "టిబ్బీ, టిబ్బీ," అని చిన్నగా అనేవాడు. జవాబు వచ్చినా వినపడదు కాబట్టి, పిలిచిన ప్రతిసారీ ఆగి, గోడలపైకీ బొగ్గు కొట్ల పైకీ చూసేవాడు. నేను మేడమీద పరదా వెనక నిలబడి, కాళ్ళ దగ్గర ఆ పిల్లి రాసుకుంటుంటే, ఆ మనిషిని చూసేదాన్ని. దొంగతనం చేసినదానిలా ఉండేది నా పరిస్థితి.

"ఇక చాలత్తా, పాపం ముసలాయన," అని చెప్పాను మూడో వారంలో.

"కన్నం పడిందా?"

"లేదు."

"అయితే చాల్లేదు."

నాలుగో వారం ఒక మధ్యాహ్నం మావయ్య మా వంటింట్లోకి వచ్చాడు. మామూలుగా గడప దగ్గర చెయ్యి పెట్టి గాలి చూసే మనిషి, ఆ రోజు చూడలేదు. టీ పోసిచ్చాను. పైన పడగ్గదిలో టిబ్బి బీరువా మీంచి ధబ్‌మని దూకింది. ఆయనకి వినపడలేదు.

"అది వస్తూనే ఉండుంటుంది మేవిస్," అన్నాడు. "రాకేం. తలుపు దగ్గర కూర్చుని అరుస్తుంటుంది. అరిచి అరిచి పోతుంటుంది. నాకు వినపడదు గదా. తీసేవాళ్ళు లేక పోతోంది." కాసేపు టీలోకి చూశాడు. "వచ్చే శుక్రవారం ఫ్లోరీని పంపిస్తున్నారు. పిల్లి లేని ఇంట్లోకి దాన్నెలా తీసుకురాను? రోజూ పొయ్యి ముందుందని చెబుతున్నా. కన్నం పెడతా. వస్తే దానంతటదే వస్తుంది."

ఆయన కప్పులో ఇంకాస్త టీ పోశాను. నోరు తెరిస్తే అంతా కక్కేసేదాన్నే.

పిల్లి కన్నానికి కొలతలు రెండు. పిల్లి భుజాల వెడల్పు ఒకటి, నేలనుంచి పొట్ట ఎంత ఎత్తో ఇంకొకటి. పధ్నాలుగు ఇళ్ళలోనూ మావయ్య ముందు పిల్లిని బల్లమీద నిలబెట్టి కొలిచి, తర్వాతే రంపం తీసేవాడు. ఇప్పుడు కొలవడానికి పిల్లి లేదు. మర్నాడు ఆసుపత్రిలో అత్తనే అడిగాడు.

"కన్నం పెడదామనుకుంటున్నా. నీ పిల్లి ఎంత లావుంటుంది?"

అత్త కళ్ళు మెరిశాయి. అయినా వదల్లేదు. "ఇంట్లోనే ఉందిగా, కొలవకూడదూ?"

"కదలకుండా నిలబడదది," అని చెవి గోక్కున్నాడు.

"ఓహో," అంటూ అత్త దుప్పటి కిందనుంచి చేతులు తీసింది. వాటి మధ్య పిల్లి ఉన్నట్టు, పట్టుకుని ఎత్తుకుంటున్నట్టు, రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టింది. కళ్ళు మూసుకుంది. మావయ్య జేబులోంచి మడత కొలబద్ద తీసి ఆ చేతుల మధ్య పెట్టాడు. వార్డులో ఆడవాళ్ళంతా దిండ్లమీంచి లేచి చూస్తున్నారు.

"ఏడంగుళాలకి పావు తక్కువ. ఇది పిల్లేనా, గొర్రెపిల్లా?"

"పిల్లే. పెన్సిలుతో రాసుకో."

రాసుకున్నాడు. కానీ బస్సులో ఆ చీటీ తీసి, అంకె కొట్టేసి ఆరు వేశాడు. "ఫ్లోరీ ఏది చెప్పినా కాస్త తగ్గించుకోవాలి. పెళ్ళైనప్పటినుంచీ అంతే," అన్నాడు నాతో. అత్త పది గుడ్లు తెమ్మంటే ఎనిమిది తెచ్చే మనిషి. నేను కాదనలేదు.

గురువారం తలుపుని బందులనుంచి ఊడదీసి పెరట్లో రెండు బల్లలమీద పడుకోబెట్టాడు. చాలాసేపు ఊరికే అరచేత్తో నిమిరాడు. కన్నానికి గీసిన చదరం నాలుగు మూలలా బరమాతో చిల్లులు పెట్టాడు. మొదటి చిల్లులోంచి పొట్టు లేచినప్పుడు పాత ప్రార్థనాలయం వాసన వచ్చింది, మైనం, జిగురు, తడి కోట్లు కలిసిన వాసన. మావయ్య ఆగిపోయాడు.

"ఈ చెక్కమీదే ఫ్లోరీ పక్కన మొదటిసారి కూర్చున్నా," అన్నాడు. "పదిహేడేళ్ళు దానికి. చేతులకి తొడుగులు లేవు. నావి ఇచ్చా. తిరిగివ్వలేదు." తర్వాత సన్నరంపం చిల్లులో దూర్చి కోయడం మొదలుపెట్టాడు. పక్క సందులవాళ్ళు కూడా వచ్చి చూశారు. ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. పల్చటి చెక్కతో రెక్క చేసి, మిల్లు యంత్రాల తోలు బెల్టు ముక్కని బందుగా కొట్టి, గాలి రాకుండా చుట్టూ ఉన్నిగుడ్డ అంటించాడు. అంత చక్కని పిల్లి కన్నం నేను మళ్ళీ చూడలేదు.

తలుపు మళ్ళీ బిగించగానే ఆసుపత్రికి వెళ్ళి అత్తకి కబురు చెప్పాను. "వదిలెయ్," అంది, అంతే.

తిరిగొచ్చి, వెలుతురుండగానే టిబ్బిని సందులో వదిలాను. తోక నిలబెట్టుకుని తిన్నగా ఏడో నంబరుకి వెళ్ళింది. రెక్కని వాసన చూసింది. తల పెట్టింది. భుజాల దగ్గర ఆగిపోయింది. వెనక్కి లాక్కుని, కూర్చుని, నావైపు చూసింది. మళ్ళీ ప్రయత్నించింది. పట్టలేదు. నా సార్డీన్ చేపలు దానికి బాగానే ఒంటబట్టాయి. చేసేదేం లేక చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

శుక్రవారం పొద్దున్నే పిల్లితో సహా వాళ్ళ పెరట్లోకి వెళ్ళాను. మావయ్య దాన్ని చూసి, నన్ను చూసి, గోడకి ఆనుకున్నాడు.

"దొరికింది మావయ్యా," అన్నాను. అది నా అబద్ధం. "కానీ కన్నం పట్టడం లేదు."

ఎక్కడ, ఎలా అని ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. మోకాళ్ళమీద కూలబడి దాని తల నిమిరాడు. బహుశా పదకొండేళ్ళలో అదే మొదటిసారి. తర్వాత కొలబద్ద తీసి దాని భుజాలకి పెట్టాడు.

"ఏడంగుళాలకి పావు తక్కువ," అన్నాడు. కొలబద్ద మడిచి, "ఫ్లోరీ చెప్పిందే," అన్నాడు.

ఐదు వారాల తిండి తిన్నాక ఎంత ఉందో, ఆమె చేతులు సరిగ్గా అంతే చూపించాయి. అది బలుస్తుందని ముందే లెక్కేసిందో, ఎప్పుడూ అంతే ఉండేదో, నాకు ఈరోజుకీ తెలీదు. మావయ్య తలుపు మళ్ళీ దించాడు. రెండు గంటలకి అంబులెన్సు. ఉన్నిగుడ్డ ఊడదీసి, రెండు పక్కలా కోసి, కొత్త రెక్క చేసి, తలుపు బిగించేసరికి ఒంటిగంటా నలభై.

ఫ్లోరీ అత్తని పెరటి దారిన తెచ్చి వంటింటి కుర్చీలో కూర్చోబెట్టి అంబులెన్సు వాళ్ళు వెళ్ళిపోయారు. టిబ్బి కన్నంలోంచి ఒకసారి బయటికెళ్ళి, ఒకసారి లోపలికొచ్చి, అత్త ఒళ్ళోకి ఎక్కింది. అంతా సుఖాంతం, నేను మెల్లగా జారుకుందామనుకున్నాను. కానీ మావయ్య గది మధ్యలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"నీతో అబద్ధమాడాను," అన్నాడు. "పొయ్యి ముందుందని చెప్పానే, లేదు. నువ్వు పడ్డ రోజే పోయింది. ఇవాళే వచ్చింది."

"తెలుసు. ఇన్నాళ్ళూ మేవిస్ వాళ్ళింట్లోనే ఉంది."

ఆయన నావైపు తిరిగాడు. నేను గచ్చు వంక చూశాను.

"ఐదు వారాలు!" అని అరిచాడు. ఆయన అరవగా నేను విన్నది అదొక్కసారే. "వెర్రివాడిలా సందులన్నీ ఈలలేసుకుంటూ తిరిగాను! కన్నం కావాలంటే చెప్పొచ్చుగా?"

"పదకొండేళ్ళు చెప్పా."

"పిల్లికి తలుపు తియ్యడానికి ఇంట్లో మనుషులం లేమా? అంత పంతమేంటే నీకు?"

అత్త పిల్లి వీపు నిమురుతూ, ఆయన కుడి చెవి అందేదాకా వంగమని సైగ చేసింది. ఆవిడ అరవకుండా మాట్లాడటం నాకు వింతగా అనిపించింది.

"పంతం కాదయ్యా. నేనున్నన్నాళ్ళూ నేను తీస్తా. ఆ తర్వాత? అది అరిస్తే నీకు వినపడదు. ఎవరు తట్టినా వినపడదు. నిన్ను పిలవకుండా ఈ ఇంట్లోకి రాగలిగేది ఒక్క ప్రాణమైనా ఉండాలి గదా."

"వినపడుతుంది నాకు. సగం చెవి ఉంది."

అప్పుడు అత్త నోరు జారింది. ఆ మాట చెప్పాలని ఆవిడ అనుకోలేదు, మొహం చూస్తేనే తెలిసింది.

"ఆ రోజు మెట్టుమీద ఇరవై నిమిషాలు నీ పేరు పెట్టి అరిచాను, హెడ్లీ."

ఇప్పుడే పడ్డానని అందరికీ చెప్పింది. నాకూ, ఆయనకీ, అంబులెన్సు వాళ్ళకీ. ఆ పూట మా ఇంట్లో రేడియో మోగుతోంది. పెద్దగా పెట్టుకున్నాను. ఆ మంచులో ఆవిడ పిలిచిన పిలుపు, రెండిళ్ళ అవతలున్న నాకూ వినపడలేదు. ఇది రాస్తుంటే కూడా నాకు సిగ్గేస్తోంది.

మావయ్య టోపీ తిప్పుతూ నిలబడ్డాడు. "ఇరవై నిమిషాలా?" అన్నాడు.

"పోనీలే. టీ పెట్టు," అంది అత్త.

ఆయన టీ పెట్టలేదు. పొయ్యి పక్కన ముప్పై ఆరేళ్ళుగా ఉన్న తన చేతుల కుర్చీని ఎత్తి, పిల్లి దూరినప్పుడల్లా చలిగాలి కొట్టే వెనక తలుపు పక్కకి మోసుకొచ్చాడు. కుడి చెవి తలుపువైపు ఉండేలా తిప్పి వేసుకుని కూర్చున్నాడు. ఫ్లోరీ అత్త ఆ తర్వాత ఇంకా ఆరేళ్ళు బతికింది. గాలిలో కూర్చుని చస్తావు, ఇటు రావయ్యా అని ఎంత తిట్టినా ఆయన కుర్చీ అక్కణ్ణించి కదపలేదు.